సముద్రం మధ్య దీవిలో పురుగుల సర్వే: వెళ్లేముందు ఏం నేర్చుకోవాలి?

తూనీగ_కావలి
అందరికీ నమస్కారం. మాది కావలి. ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నా. మా మేడమ్ ద్వారా ఒక ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంట్‌గా అవకాశం వచ్చింది. లక్షద్వీప్‌లో మూడు దీవుల్లో పురుగుల సర్వే, నలభై రోజులు, డిసెంబర్‌లో కొచ్చిన్ నుంచి ఓడ. అమ్మకి ఒకటే టెన్షన్. నాన్నేమో "పురుగులు లెక్కపెట్టడానికి అంత దూరం పోవాలా, మన దొడ్లో లేవా" అని రోజూ అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా అంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకు తెలిసిందల్లా ప్రాక్టికల్స్‌లో బొద్దింకను కోయడమే. ఇక్కడ ఎవరైనా ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి, ఈ రెండు నెలల్లో ఏం నేర్చుకుని పోవాలి?

ఒంగోలు_టీకొట్టు
అమ్మా, మీ నాన్నగారు కరెక్టు. మొన్న వాన పడ్డాక మా కొట్టు ట్యూబ్‌లైట్ కింద ఉసిళ్లు బకెట్లు బకెట్లు ఊడ్చి పోశాం. టీలో పడినవి వేరే. కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో, ఓడ ఖర్చు మిగులుద్ది 😀

పెన్నాగట్టు_మాస్టారు
టీకొట్టు అబ్బాయ్, ఆపు కాసేపు.

తల్లీ, నేను జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. చిన్నప్పుడు రెండేళ్లు ఒక సర్వేలో పురుగుల డబ్బాలు మోశాను కాబట్టి కొంచెం చెప్పగలను. ముందు మీ నాన్న ప్రశ్నకి జవాబు చూద్దాం, ఎందుకంటే నువ్వు అక్కడ చేసే పనంతా దానిమీదే నిలబడుతుంది. మన దొడ్లో పురుగు ఎప్పట్నించి ఉందో ఎవరూ చెప్పలేరు. పక్క చేలోంచి వచ్చిందో, వెయ్యేళ్లుగా ఇక్కడే ఉందో తేల్చే దారి లేదు. లక్షద్వీప్ అలా కాదు. అవి ఎప్పుడూ మన నేలతో కలిసి ఉన్నవి కావు, సముద్రం అడుగున మునిగిన కొండల మీద పగడం పెరిగి పైకి తేలిన దిబ్బలు. కేరళ ఒడ్డుకి 200 నుంచి 440 కిలోమీటర్ల దూరం, మొత్తం కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లే. అంటే అక్కడ కనపడే ప్రతి చీమా, ప్రతి ఈగా ఒకప్పుడు బయటినుంచి వచ్చి దిగిందే. గాలికి కొట్టుకొచ్చిందా, కొట్టుకొచ్చిన దుంగలో వచ్చిందా, లేకపోతే మనిషి కొబ్బరి మొక్కతో పాటు తెచ్చాడా అని ఒక్కోదాన్ని అడగొచ్చు. ఆ అడగడమే ఈ సర్వే.

అందుకే దీవిలో ఏది లేదు అన్నది కూడా ఏది ఉంది అన్నంత ముఖ్యం. హవాయి దీవుల్లో ఐదువేలకు పైగా పురుగు జాతులు ఇంకెక్కడా లేనివి ఉన్నాయి, కానీ సొంత చీమ ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు అక్కడున్న చీమలన్నీ మనిషితో వచ్చినవే. చీమ లేని నేల ఊహించుకో.

మైపాడు_వల
మాస్టారూ ఒక డౌటు. మేం కార్తీకంలో వేటకి పోయినప్పుడు ఒడ్డు కనపడనంత లోపల కూడా తూనీగలు వచ్చి పడవ మీద వాలతాయి. తాడు మీద వరసగా కూర్చుంటాయి, చెయ్యి పెట్టినా లేవవు, అంత అలిసిపోయి ఉంటాయి. అవి యాడికి పోతున్నాయి? దారి తప్పినవా?

పెన్నాగట్టు_మాస్టారు
దారి తప్పినవి కూడా ఉంటాయి అబ్బాయ్, కానీ అన్నీ కాదు. పసుపు ఎరుపు కలిసిన ఒళ్లు, వానకి ముందు మన పొలాల మీద గుంపుగా తిరిగేది, దాని పేరు పాంటాలా ఫ్లావెసెన్స్. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే ఆయన ఏటా అక్టోబర్‌లో ఇవి వేలల్లో వచ్చి దిగడం చూశాడు. ఆ దీవుల్లో పైన నిలిచే మంచినీళ్లు దాదాపు లేవు, తూనీగ పిల్లకి నీళ్లు కావాలి, మరి ఇవి ఎందుకొస్తున్నాయి అని లెక్కలు రాసుకుంటూ పోయాడు. 2009లో ఆయన చెప్పిందేమిటంటే ఇవి మన దేశం నుంచి బయల్దేరి, మాల్దీవుల మీదుగా ఎత్తున వీచే గాలి పట్టుకుని తూర్పు ఆఫ్రికా దాకా పోతున్నాయని. పసిఫిక్ మధ్యలో ఎక్కడో విసిరేసినట్టుండే ఈస్టర్ దీవిలో ఉన్న తూనీగ కూడా ఈ ఒక్కటే. మన అమ్మాయి పేరే తూనీగ కాబట్టి లక్షద్వీప్‌లో ఇది కనపడితే తేదీ, గాలి ఎటునుంచి ఉందో రాసుకోవాలి.

మైపాడు_వల
ఇంకోటి. ఎండగా, అలలు లేనప్పుడు నీళ్ల మీద వెండి రంగులో చిన్న సాలీడులా పరిగెత్తేవి ఉంటాయి. పట్టుకుందామంటే చిక్కవు. అదేంది?

పెన్నాగట్టు_మాస్టారు
చూశావా, ఇదీ అసలు సర్వే అంటే! అవి సాలీళ్లు కావు, మన చెరువు నీళ్ల మీద జారే పురుగులకి చుట్టాలు, హాలోబేటిస్ అంటారు. లక్షల రకాల పురుగులున్నాయి కదా, వాటిలో నడి సముద్రంలో బతకగలిగినవి ఈ గుంపులోని ఐదు రకాలే. తేలే ఈక మీదో, చెక్క ముక్క మీదో గుడ్లు పెడతాయి. ఇప్పుడు ప్లాస్టిక్ ముక్కల మీద కూడా పెడుతున్నాయి.

త్రిపురాంతకం_మిర్చి
అందరూ బాగానే కబుర్లు చెప్పుకుంటున్నారు. నాదొక మాట. 2021లో మా మిర్చికి నల్ల తామర పురుగు వచ్చింది. పూత దులిపితే అరచేతిలో నల్లగా నువ్వులు రాలినట్టు రాలాయి. మేం పాత తామర పురుగే అనుకుని ఆకు ముడతకి కొట్టే మందే కొట్టాం, ఒకటికి మూడుసార్లు. ఇది పూలల్లో దూరి కూర్చునే రకమని, బయట దేశం నుంచి వచ్చిందని తెలిసేసరికి చేను పీకి గట్టున పడేశాం. అప్పుడు ఈ లెక్కలోళ్లు యాడున్నారు? మనుషులు లేని దీవుల్లో పురుగులు లెక్కబెట్టే డబ్బులు మా చేలల్లో పెడితే కాదా?

ఒంగోలు_టీకొట్టు
అన్నా మీ మాటలో న్యాయం ఉంది.

చీమలదండు
త్రిపురాంతకం అన్నా, కోపం అర్థమైంది, మా మేనమామది కూడా అదే కథ. కానీ మీరు చెప్పిందే సర్వే ఎందుకు కావాలో చెబుతోంది. ఆ తామర పురుగుని మన దేశంలో 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద చూసి సైన్సు పత్రికలో రాశారు. రాసింది మన చేలదాకా రాలేదు, అది వేరే గొడవ, దానికి తిట్టాల్సిందే. కానీ చూసి గుర్తుపట్టినవాడు ఒకడు లేకపోతే ఆ ముక్క కూడా ఉండేది కాదు.

దీవుల సంగతికొస్తే, ఒక పురుగు కొత్త చోట దిగి ఎలా కొంప ముంచుతుందో అక్కడే కళ్లకి కట్టినట్టు కనపడుతుంది. మన నెల్లూరు దోమ తెలుసుగా, బోదకాలు తెచ్చేది, క్యూలెక్స్. హవాయిలో ఒకప్పుడు అసలు దోమే లేదు. 1826లో ఒక ఓడవాళ్లు పాత నీళ్ల పీపాలు ఒడ్డున కడిగి పారబోశారు, అందులో దోమ పిల్లలు. అంతే. తర్వాత పక్షుల మలేరియా కూడా వచ్చి, దోమ ఎరగని అక్కడి చిన్న చిన్న పిట్టలు జాతులకి జాతులే పోయాయి. మిగిలినవి దోమ ఎక్కలేని చల్లటి కొండల పైన దాక్కున్నాయి.

క్రిస్మస్ దీవిలో అయితే పసుపు రంగు చీమ. అది మన దగ్గర కూడా ఉంది, కాళ్లు పొడుగ్గా పిచ్చెక్కినట్టు అటూ ఇటూ పరిగెడుతుంది చూడండి, అదే. అక్కడ కోట్ల ఎర్ర పీతల్ని చంపేసింది. ఎందుకంత పెరిగిందని చూస్తే చెట్ల మీద పొలుసు పురుగు కార్చే తీపి జిగురు తాగి. చీమ మీద మందు కొట్టీ కొట్టీ విసిగి, 2016లో మలేషియా నుంచి ఆ పొలుసు పురుగులో గుడ్డు పెట్టే గడ్డి పరకంత కందిరీగని తెచ్చి వదిలారు. ఎవరు ఎవర్ని తింటున్నారో ముందే రాసిపెట్టుకోకపోతే ఆ ఆలోచన వస్తుందా?

పెన్నాగట్టు_మాస్టారు
గడ్డి పరకంత అంటే పెద్దదైపోయింది అబ్బాయ్, అది రెండు మిల్లీమీటర్లు.

చీమలదండు
తప్పైంది సార్ 🙏

త్రిపురాంతకం_మిర్చి
సరే. కొబ్బరి కొమ్ము పురుగు గురించి ఏమన్నా చెప్తారా, మా తమ్ముడికి ఉలవపాడు దగ్గర తోట ఉంది, మొవ్వులో దూరి తినేస్తోంది. అదీ దీవుల్లోకి పోయిందా?

పెన్నాగట్టు_మాస్టారు
పోయింది. 1909 ప్రాంతంలో సమోవాకి, 2007లో గువామ్‌కి, 2013లో హవాయికి. మన దగ్గర దాన్ని అదుపులో పెట్టే జబ్బులు, శత్రువులు కొన్ని ఉన్నాయి, అక్కడ ఏమీ లేక తోటలు మోడులయ్యాయి. 1963లో మలేషియాలో హ్యూగర్ అనే శాస్త్రవేత్త జబ్బుపడిన పిల్ల పురుగుల్లో ఒక వైరస్‌ని పట్టుకున్నాడు. దాన్ని 1967లో సమోవాలో వదిలితే చాలావరకు తగ్గింది. మీ తమ్ముడికి చెప్పండి, తోట పక్కనున్న పేడ దిబ్బ, కుళ్లిన మొద్దులు తీసెయ్యమని. పిల్ల పురుగులు పెరిగేది మొవ్వులో కాదు, అక్కడ. లక్షద్వీప్ అంటేనే కొబ్బరి కాబట్టి అమ్మాయి కూడా కుళ్లిన కొబ్బరి మొద్దు ఒక్కటీ వదలకుండా చీల్చి చూడాలి.

తూనీగ_కావలి
మాస్టారూ, చీమలదండు గారూ, చాలా థాంక్స్. నాన్నకి దోమ కథ చదివి వినిపించా. ఏమీ అనలేదు, పెరుగు వేసుకుని తిని లేచాడు. అంటే సగం ఒప్పుకున్నట్టే. ఇప్పుడు పని చెప్పండి. ఏం తీసుకెళ్లాలి, ఎట్టా పట్టాలి?

చీమలదండు
నేను ఒక సర్వేలో ఆరు నెలలు చేశా, దీవి కాదు, నల్లమల వైపు. పద్ధతులు అవే.

కప్పులు: టీ తాగే ప్లాస్టిక్ కప్పు అంచు నేలతో సమానంగా వచ్చేలా పాతాలి. ఒక్క మిల్లీమీటర్ పైకున్నా చీమ చుట్టూ తిరిగిపోతుంది, లోపల పడదు. ఇది చెప్తే తేలిక, చేస్తే తెలుస్తుంది. లోపల నాలుగో వంతు నీళ్లు, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే చిన్నవి నీటి మీద నిలబడి ఎగిరిపోతాయి. పైన ఒక పళ్లేన్ని మేకుల మీద గొడుగులా పెట్టాలి, లేదంటే వానకి కప్పు పొంగి అంతా పోతుంది.

పసుపు పళ్లేలు: పసుపు రంగు చూస్తే చిన్న కందిరీగలు, ఈగలు పువ్వనుకుని వచ్చి పడతాయి.

రాత్రికి తెల్ల దుప్పటి, లైటు. అమావాస్య చుట్టుపక్కల రోజులు పెట్టుకోండి, వెన్నెల్లో సరిగా రావు.

మలేజ్ వల: ఇది డేరా లాంటిది. దీని కథ బాగుంటుంది. రెనే మలేజ్ అని స్వీడన్ ఆయన, పురుగుల కోసం బర్మా దాకా పోయినవాడు. గుడారంలో పడుకుంటే ఈగలు లోపలికొచ్చి పైమూలకి పాకి అక్కడే తచ్చాడడం చూశాడు, ఆ మూలలో కన్నం పెట్టి సీసా కడితే తనకన్నా గుడారమే ఎక్కువ పట్టేట్టుందే అనుకున్నాడు. 1937లో దాని మీద రాశాడు, ఇప్పటికీ ప్రపంచమంతా అదే కడుతున్నారు. ఎగిరే పురుగు అడ్డు తగిలితే పైకి పాకుతుంది, అంతే కిటుకు.

ఇక నోటితో పీల్చే గొట్టం ఉంటుంది, చిన్న పురుగుల్ని సీసాలోకి లాగడానికి. మధ్యలో గుడ్డ కట్టడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయా. చీమల పులుపు రెండు రోజులు నాలుక మీదే ఉంది, ఆ పేరు అప్పుడు పెట్టుకున్నదే.

మైపాడు_వల
దీవి అంటే పీతలు ఉంటాయి చెల్లెమ్మా. నేలలో కప్పు పాతితే శంఖం పీతలు రాత్రికి రాత్రే దాన్ని గోడౌన్ చేసుకుంటాయి. మా వలల దగ్గర ఎర పెట్టిన డబ్బాలకి అదే గతి. పైన ఇనుప జాలీ బిగించు.

చీమలదండు
ఇది నాకు తట్టనే లేదు అన్నా. నిజమే, పగడపు దీవుల్లో పీతలు, ఎలుకలు కప్పుల్ని బతకనివ్వవు. కోడిగూడుకి కట్టే జాలీ సరిపోతుంది.

పెన్నాగట్టు_మాస్టారు
స్పిరిట్ సంగతి ఎవరూ చెప్పలేదు. పట్టినవి దాచడానికి 70 శాతం ఆల్కహాల్, డీఎన్‌ఏ తీయాలంటే 95 శాతం కావాలి. లక్షద్వీప్‌లో మద్యనిషేధం ఉంది తల్లీ, పైగా మండే సరుకు ఓడలో ఊరికే ఎక్కించుకోరు. మీ ప్రాజెక్టువాళ్లు ముందే కాగితాలు తీసుకున్నారో లేదో అడుగు. దీవిలోకి వెళ్లే పర్మిట్ వేరు, జీవుల్ని పట్టే అనుమతి వేరు, ఇది మూడోది. సంచిలో ఐదు లీటర్ల స్పిరిట్ పెట్టుకుని రేవులో "పురుగుల కోసమండీ" అంటే ఎవడూ నమ్మడు.

ఒంగోలు_టీకొట్టు
నమ్మరు నమ్మరు, నేనూ నమ్మను 😂

పెన్నాగట్టు_మాస్టారు
ఇక చీటీ. నేను చెప్పేవాటిలో ఇదొక్కటి గుర్తుంటే చాలు. మా సర్వేలో ఒక సీజన్ మొత్తం, దాదాపు రెండు వందల సీసాలు, నేనే స్వయంగా ప్రతి సీసాలో చీటీ రాసి వేశాను. చక్కటి దస్తూరీ, బాల్ పెన్నుతో. మూడు నెలల తర్వాత పెట్టె తెరిస్తే సీసాల్లో పురుగులు శుభ్రంగా ఉన్నాయి, స్పిరిట్ లేత నీలంగా ఉంది, చీటీలు తెల్లగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. బాల్ పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. రెండు వందల సీసాలూ పారబోశాం. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో తెలియని పురుగు దేనికీ పనికిరాదు, చచ్చిన పురుగు అంతే. మా పెద్దాయన తిట్టలేదు, అదే ఎక్కువ బాధ.

పెన్సిల్‌తో రాయి. దీవి పేరు, చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏ ఉచ్చు, ఎవరు పట్టారు. చీటీ సీసా లోపల ఉండాలి, బయట అంటిస్తే ఊడిపోతుంది.

తూనీగ_కావలి
చదువుతుంటే కడుపులో తిప్పింది మాస్టారూ. పెన్సిల్ డబ్బా రేపే కొంటా. ఇంకో అనుమానం. నలభై రోజులు పట్టినా అన్నీ దొరికాయని ఎట్టా తెలుస్తుంది? ఎక్కడ ఆపాలి?

చీమలదండు
అన్నీ ఎప్పటికీ దొరకవు. కానీ ఇంకా ఎన్ని మిగిలాయో అంచనా వేసే దారి ఉంది. తైవాన్ గణాంక శాస్త్రవేత్త యాన్ చావో 1984లో చెప్పింది. ఒక్కసారి మాత్రమే దొరికిన రకాలు ఎన్ని, రెండుసార్లు దొరికినవి ఎన్ని అని చూస్తారు. ఉదాహరణకి నీ కప్పుల్లో 12 రకాలు ఒక్కొక్కటే దొరికాయి, 6 రకాలు రెండేసి దొరికాయి అనుకో. 12ని 12తో గుణించి, 6కి రెట్టింపుతో భాగిస్తే 12 వస్తుంది. అంటే కనీసం ఇంకో 12 రకాలు నీ కంట పడకుండా ఉన్నాయని. ఒంటరిగా దొరికినవి తగ్గేకొద్దీ నీ పని పూర్తయ్యే దారిలో ఉన్నట్టు.

దీనికి ఒకటే షరతు, ప్రతి చోటా ఒకే లెక్కన పని చెయ్యాలి. ఒక దీవిలో ఇరవై కప్పులు, ఇంకో దీవిలో ఓపిక లేక ఎనిమిది కప్పులు పెట్టి ఇక్కడ పురుగులు తక్కువ అని రాయకూడదు. ఏమీ పడని కప్పుని కూడా సున్నా అని రాయాలి. చాలామంది సున్నాని రాయరు.

త్రిపురాంతకం_మిర్చి
ఖాళీ చేసిన దీవిలోకి పురుగులు మళ్లీ వస్తాయా? ఎవరైనా చూశారా? మేం చేలో మందు కొట్టి పదిరోజులు తిరక్కుండానే వచ్చేస్తాయి, అందుకని అడుగుతున్నా.

పెన్నాగట్టు_మాస్టారు
భలే అడిగావు. రెండు రకాలుగా చూశారు. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలి దీవి మొత్తం బూడిద కింద మాడిపోయింది. తొమ్మిది నెలలకి పోయిన శాస్త్రవేత్తల బృందానికి కనపడిన ప్రాణి ఒకే ఒక్క చిన్న సాలీడు, ఖాళీ నేల మీద గూడు అల్లుకుంటూ. గాలికి దారం వదిలి ఎగిరొచ్చిందన్నమాట. తినడానికి ఏముందని అల్లుకుందో దానికే తెలియాలి.

రెండోది మనుషులే చేశారు. 1966లో విల్సన్, సింబర్లాఫ్ అనే ఇద్దరు అమెరికాలో ఫ్లోరిడా దగ్గర మడ చెట్ల చిన్న చిన్న దిబ్బలకి డేరాలు కట్టి, మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టి ఉన్న పురుగులన్నిటినీ చంపేశారు. ఏడాది తిరక్కుండా చాలా దిబ్బల మీద రకాల సంఖ్య దాదాపు పాత లెక్కకే వచ్చి ఆగింది. అయితే వచ్చినవి పాతవే కావు, చాలావరకు వేరే రకాలు. ఒడ్డుకి దూరంగా ఉన్న దిబ్బకి ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి.

త్రిపురాంతకం_మిర్చి
మిథైల్ బ్రోమైడ్ అంటే గోడౌన్లలో పెట్టే పొగమందు. దాన్ని దీవికి పెట్టారా! చదువుకున్నోళ్ల పిచ్చి మా రైతుల పిచ్చి కంటే పెద్దది సామీ. సరే అమ్మాయ్, పోయిరా. వచ్చాక మా చేలో కూడా ఇరవై కప్పులు పెట్టు, అన్నం మాది.

తూనీగ_కావలి
తప్పకుండా వస్తా అన్నా.

రెండు వారాల తర్వాత రాస్తున్నా. మా అమ్మమ్మ వాళ్ల కొబ్బరి తోటలో పది కప్పులు పాతి చూశా, ప్రాక్టీసుకి. మొదటిరోజు అన్నిటి అంచూ పైకే ఉంది, చీమలు నా ముందే చుట్టూ తిరిగిపోయాయి. మళ్లీ తవ్వా. ఒకటి కుక్క పీకేసింది. ఒకదానిలో కప్ప పడింది, తీసి వదిలేశా. మిగతావాటిలో చీమలు మూడు రకాలు, ఒక పేడపురుగు, నల్ల కీచురాయి పిల్లలు, నాకు పేరు తెలియని మెరిసే చిన్న పురుగు ఒకటే ఒకటి. అన్నిటికీ పెన్సిల్ చీటీలు వేశా.

ఒక్క ఎనిమిదో సీసాకి మాత్రం తేదీ రాయడం మర్చిపోయా. సోమవారమో మంగళవారమో. ఆ మెరిసే పురుగు అందులోనే ఉంది మాస్టారూ. గుర్తున్నంతవరకు మంగళవారం అని రాసెయ్యనా?

పెన్నాగట్టు_మాస్టారు
వద్దు. పారబొయ్యి.

తూనీగ_కావలి
పారబోశా. పొద్దున మళ్లీ అదే చోట కప్పు పాతా.